మూడో తుపాకీ

వెర్లీన్ బల్లమీది మూడు తుపాకుల్నీ మార్చి మార్చి చూసింది.

మూడూ కార్బైన్లే. చూడటానికి పొట్టి రైఫిళ్లు, మేసేవి మాత్రం పిస్తోలు గుళ్లు.

ఆ వసంతంలో కొయోటీ నక్కలు ఆమె మేకపిల్లల్ని ఆరింటిని ఎత్తుకుపోయాయి. పెద్ద రైఫిల్ పేలిస్తే వారం రోజులు ఆమె భుజం లేవదు. అందుకే వీటి మీద పడింది.

"మొదటిది సరికొత్తది. బంగారం," అన్నాడు కొట్టు యజమాని రాయ్స్.

"ధరా బంగారంలాగే ఉంది. ఎనిమిది వందల డాలర్లు నేనెక్కణ్ణుంచి తేను?"

"రెండోది మూడొందలే. కానీ మీ ఆయన పిస్తోలుకున్న గుళ్ల మ్యాగజైను దీనికి పట్టదు."

"మళ్లీ మ్యాగజైన్లు కొనాలంటే ఇంక చవకేముంది? మూడోది?"

"వాడిందే. అయితే మీ ఆయన డోయల్ మ్యాగజైను దీంట్లో చక్కగా కూర్చుంటుంది. మీరు కాబట్టి రెండొందలకిస్తాను సిస్టర్."

"లోపమేమీ లేదు కదా?"

"ప్రతి ఆదివారం మీ ముందు కానుకల పళ్లెం పట్టేవాణ్ణి. మీకే అంటగడతానా?"

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది. రాయ్స్ చర్చిలో పెద్ద. డోయల్ ఆపరేషనప్పుడు వాళ్లింటికి వారం రోజులు వంట పంపినవాడు.

"మ్యాగజైను పెట్టి వంటింటి తలుపు వెనక నిలబెట్టుకోండి. గొట్టంలోకి గుండు ఎక్కించకపోతే చాలు, పసిపాపలా పడుంటుంది," అన్నాడు.

తుపాకీ నీకోసమేనా, మరొకరి తరఫున కొంటున్నావా అని కాగితం అడిగింది. నాకోసమే అని గీత పెట్టి సంతకం చేసింది. అది అబద్ధమైతే జైలే. ఆమెకు నేరచరిత్ర ఉందా అన్న విచారణ ఫోనులోనే ముగిసింది. తుపాకీ ఆమె చేతికొచ్చింది.

బయట పాత పికప్‌లోంచి ఒక ముసలాయన దిగొచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"అమ్మా, అది నాకిచ్చెయ్యండి. ఎనిమిది వందలిస్తాను. లోపలికెళ్లి కొత్తది తీసుకోండి."

"రెండొందలదానికి ఎనిమిదొందలా? మీకేమైనా మతిపోయిందా?"

"అది మంచిది కాదమ్మా. ఇంట్లో పెట్టుకునేది కాదు."

"మంచిది కాకపోతే మీకెందుకు?"

ముసలాయన టోపీ అంచు నలుపుతూ తుపాకీ వైపే చూశాడు.

"అంత ముచ్చటపడితే లోపలికెళ్లి రాయ్స్ దగ్గరే కొనుక్కోకపోయారా?"

"రాయ్స్ నాకు అమ్మడు."

వెర్లీన్‌కు విషయం అర్థమైపోయింది. తుపాకుల కొట్టువాడు ఒక మనిషికి అమ్మనన్నాడంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం. జైలుకెళ్లొచ్చినవాడు, విచారణలో నెగ్గనివాడు. ఇలాంటివాళ్లే బయట కాపుకాసి అమాయకుల చేత కొనిపిస్తారు. సంతకం తడి ఆరకముందే తన చేత ఊచలు లెక్కబెట్టించడానికి వచ్చాడు.

"మీ పప్పులు నా దగ్గర ఉడకవు," అని ఆమె తిరిగి కొట్లోకి నడిచింది.

"కనీసం మ్యాగజైను తీసి పెట్టుకోండమ్మా. కింద పడెయ్యకండి," అని ముసలాయన వెనకనుంచి బతిమాలాడు.

లోపల రాయ్స్ కిటికీలోంచి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"మంచి పని చేశారు సిస్టర్. పోలీసు డెప్యూటీకి మీరే ఫోన్ చెయ్యండి."

చేసింది. పది నిమిషాల్లో డెప్యూటీ హాస్కెల్ వచ్చి ముసలాయన్ని కారెక్కించాడు. ఆయన పెనుగులాడలేదు. కారు మలుపు తిరిగేదాకా ఆమె చేతిలోని తుపాకీనే చూస్తూ వెళ్లాడు.

దొంగను పట్టించానని వెర్లీన్ ఆ రోజు డోయల్‌కు మూడుసార్లు చెప్పుకుంది.

మూడు వారాలు గడిచాయి. పొద్దున్నే పాలు పితికే వేళ మేకలు బెదిరి అరిచాయి. డోయల్ తలుపు వెనక్కి చెయ్యి చాచాడు. తుపాకీ వేళ్లలోంచి జారి, నిలువునా నేలకు తగిలింది.

ఎవరూ మీట నొక్కలేదు. అయినా పేలింది.

డోయల్ ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు.

"గొట్టంలో గుండు లేదు. నా కళ్లతో చూశాను. ఎలా పేలింది?" అని ఆసుపత్రి వరండాలో హాస్కెల్‌ను అడిగింది.

"ఇలాంటి చవక రకాల్లో లోపలి ఇనుప దిమ్మ బరువుగా ఉంటుందండీ. గట్టిగా పడితే అదే వెనక్కి ఎగిరి, ముందుకొస్తూ మ్యాగజైన్లోంచి గుండు లాక్కొచ్చి పేల్చేస్తుంది. ఇందులో దాన్ని ఆపే కొక్కెం అరిగిపోయింది. రాయ్స్‌కు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. ఒప్పుకున్నాడు."

వెర్లీన్ గోడకు జారగిలబడింది. తెలిసీ నవ్వుతూ చేతికిచ్చాడు. నమ్మించి గొంతు కోశాడు. తలుపు వెనక పెట్టుకోమని చోటు కూడా చూపించాడు.

"నేను పట్టించిన ఆ ముసలాయన… ఆయన చేసిన నేరమేమిటి?"

"ఏమీ లేదండీ. కాగితాల్లో చిన్న మచ్చ కూడా లేదు. సాయంత్రానికే వదిలేశాను. మీ ఇంటి ఛాయలకు రావద్దని మాత్రం గట్టిగా చెప్పాను. మాట మీద నిలబడ్డాడు, రాలేదు."

"మరి రాయ్స్ ఎందుకు అమ్మనన్నాడు?"

హాస్కెల్ తల వంచుకుని టోపీ తీశాడు.

"ఆ రోజే ఆయన నాకంతా చెప్పాడండీ. రాయ్స్‌ను అడిగాను. ‘ఆ తుపాకీ వేరు, ముసలాయనకు మతి చలించింది’ అన్నాడు. నేనూ నమ్మేశాను."

"ఏం చెప్పాడు?"

"నాలుగేళ్ల కిందట తలుపు వెనక ఊడుస్తుంటే కిందపడి పేలి తన భార్య ప్రాణం తీసిన తుపాకీ అదేనని, ముక్కలుగా కోసేస్తానని రాయ్స్ ఒట్టేస్తేనే అతని చేతిలో పెట్టానని చెప్పాడు."