పక్కపక్కనే రెండు బటన్లు

పాప చేతిలోంచి వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని చూసింది.

తెర నడిమధ్యన తెల్లటి పెట్టె. ‘ఫొటోలన్నీ తీసేయమంటారా?’ కింద రెండు బటన్లు. ‘తీసెయ్’, ‘వద్దు’. మధ్యన చీమ దూరే సందు కూడా లేదు.

పాప పుట్టిన దగ్గర్నుంచీ తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. మొదటి పన్ను, మొదటి అడుగు, మొహమంతా పెరుగు పూసుకున్న రోజు. ఇంకెక్కడా లేవు.

వేలు అటు జారితే? ఇంకేమన్నా ఉందా! వెనక్కి పోయే గుర్తు ముట్టుకోవాలన్నా భయమే. ఫోన్ దాన్నీ ‘సరే’ అనుకుంటే?

పాపని చంకనేసుకుని, ఫోన్‌ని నిండు నూనెగిన్నెలా అరచేతిలో పట్టుకుని, పక్కింట్లో బట్టలు కుట్టే పిన్ని దగ్గరికి నడిచింది.

పిన్ని కళ్ళజోడు సవరించుకుంది. “ఎవడే ఈ బటన్లు పెట్టింది? చొక్కాకి నేనిలా కుడితే నా మొహాన కొట్టి పోతారు.”

“వాడి చెయ్యి పడిపోను! ముందు ‘వద్దు’ నొక్కు పిన్నీ. సూదిలో దారం ఎక్కించే చెయ్యి నీది.”

పిన్ని ఊపిరి బిగబట్టి చిటికెనవేలు చాపింది. ఈలోగా పాప చంకలోంచి వంగి ‘తీసెయ్’ మీద ఫట్‌మని కొట్టింది.

ఇద్దరూ కెవ్వుమన్నారు. పాప కిలకిలా నవ్వింది.

పైన ఒక నల్లపట్టీ మెరిసి మాయమైంది. పెట్టె మాత్రం ఉన్నచోటే ఉంది. పిన్ని ‘వద్దు’ నొక్కినా అంతే.

“లోపల్లోపల ఒక్కొక్కటే తీసేస్తోందేమోనే!” అంది పిన్ని, పెద్ద ధైర్యం చెబుతున్నట్టు.

పిన్ని ఫోన్‌తో తన భర్తకి చేస్తే అతను ఎత్తలేదు. ఆమె ఇక ఆగలేదు. పాపతోనే బస్సెక్కి, అతను పనిచేసే కంప్యూటర్ ఆఫీసు దగ్గర దిగేదాకా తెర మీంచి చూపు తీస్తే ఒట్టు.

కబురందుకుని అతను గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. “ఏమైంది? పాపకి ఒంట్లో బాగాలేదా?”

“పాపకేం, దుక్కలా ఉంది. ఫొటోలే పోతున్నాయండీ! ఎవడో దిక్కుమాలినవాడు బటన్లు రెండూ ఒకదానికొకటి అంటించి చచ్చాడు. చూడండి!”

అతను ఫోన్ చూశాడు. ఆమెని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పమని పొద్దున నేను గీసి నీకు పంపిన బొమ్మే ఇది,” అన్నాడు ఆ దిక్కుమాలినవాడు.