పట్టని బ్రేకు

సదాశివ స్కూటరు వెనక చక్రాన్ని మళ్లీ విప్పాడు. పొద్దున్నుంచి ఇదే పని.

"మళ్ల విప్పిన్రా?" వసుమతి చక్కెర లేని చాయ్ తెచ్చి గట్టు మీద పెట్టింది. "మధ్యాహ్నం ఆ చక్రానికి గూడ ఒక కంచం పెట్టాల్నా?"

ఆయన చాయ్ అందుకున్నాడు. ఆమెతో మాట పెంచుకునే రోజు కాదిది.

మొన్న నాంపల్లి స్టేషను రోడ్డులో బండి ఆగక పూలమ్మే ఆమె తోపుడుబండికి గుద్దుకుంది. మనిషికేం కాలేదు. మల్లెలు మాత్రం రోడ్డంతా పరుచుకున్నాయి. ఆ రోజే వసుమతి తేల్చి చెప్పింది. ఆదివారం పొద్దుగూకేలోపు బ్రేకు పట్టకపోతే బండి పాత సామాన్ల వాడికి ఇచ్చేయాల్సిందే. ఇవాళే ఆదివారం.

బండి పోతే ఆయన పని పోయినట్టే. కోఠిలో కాగితాలు, ఫైళ్లు టోకున కొని అబిడ్స్, గన్‌ఫౌండ్రీ ఆఫీసులకు చేరవేయడం ఒక్కటే ఆయనకు తెలిసిన బతుకు.

డ్రమ్ము ఊడదీశాడు. లోపల బ్రేకు షూలు కొత్తవి, పోయిన వారం వేసినవే. అయినా గరుకు కాగితంతో ఇంకోసారి రుద్దాడు. స్ప్రింగులు కొత్తవి. తీగా కొత్తదే. మార్చడానికి ఇంకేం మిగల్లేదు. అన్నీ బిగించి, నట్టు ఇంకొంచెం తిప్పి, పెడలు మీద కుడికాలు పెట్టాడు.

పత్తి మూట తొక్కినట్టే ఉంది.

"సామాన్ల షాపోడు దొంగ మాల్ అంటగట్టిండు," అని పళ్లు కొరికాడు.

కొడుకు ప్రణయ్ వచ్చి బండి తీశాడు. గల్లీ చివరిదాకా పోయి తిరిగొచ్చి, గేటు ముందు టైరు కీచుమనేలా ఆపాడు.

"మంచిగనే పడుతుంది గద నాయినా."

"నా మనసు కోసం చెప్పకు."

"నీ మనసుకు నేనెందుకు భయపడ్త? జర గట్టిగ తొక్కు."

"గట్టిగనే తొక్కుతున్న. చిన్నగున్నప్పుడు ఈ బండి మీద ముందర నిలబడి తిరిగినోనివి, నువ్వు నాకు నేర్పుతవా?"

ప్రణయ్ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

ఉత్త కాళ్లతోనే సదాశివ బండెక్కాడు. గల్లీ మలుపు తిరిగి వచ్చాడు. వెనక బ్రేకు సంగతేదో తేలిపోవాలని చేతి బ్రేకు ముట్టుకోలేదు. గేటు దగ్గరికి రాగానే ఉన్న బలమంతా పెట్టి తొక్కాననుకున్నాడు.

బండి ఆగలేదు. ముందు చక్రం పోయి గేటుకు ఠంగున తగిలింది.

ఎదురింటి కమలకుమారి బాల్కనీలోంచి తొంగి చూసి లోపలికి పోయింది. సదాశివ పానా తీసి గోడకేసి కొట్టాడు. బండిని అక్కడికక్కడే వాల్చి, నట్టుతో కాసేపు కుస్తీ పట్టి, దాన్నీ వదిలేసి లేచాడు.

"పిలువు వాన్ని," అన్నాడు కొడుకుతో. "పాత సామాన్లోన్ని పిలువు. తీస్కపొమ్మను."

"నాయినా, బండికేం గాలేదు..."

"పిలువమన్న గద."

విసవిసా ఇంట్లోకి నడిచాడు. వరండా దాటి, హాలు దాటి, వంటింట్లోకి పోయి కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకున్నాడు.

వసుమతి అప్పుడే తడిగుడ్డతో నేల తుడిచి నిలబడింది.

"ఏందండీ ఇది? బండి ఆయిలంతా ఇంట్లకు మోసుకొచ్చిన్రా?"

"ఇగ రేపటి సంది బండీ ఉండదు, ఆయిలూ ఉండదు. నీకు ఫికర్ లేదు," అని చెంబెత్తాడు.

ఆమె మళ్లీ నేల వైపు చూసింది. గుమ్మం నుంచి ఆయన దాకా వరసగా పడ్డ మరకలు నల్లగా లేవు, ఎర్రగా ఉన్నాయి.

గబుక్కున వంగి ఆయన మడమ పట్టి ఎత్తి చూసేసరికి, బ్రేకు తొక్కే ఆ కుడిపాదంలో ఒక మేకు తలదాకా దిగి ఉంది, ఆయన మాత్రం ఏమీ తెలియకుండా ఇంకా నీళ్లు తాగుతూనే ఉన్నాడు.