ముంగిస కాపలా

నాకు మిగిలిన ఒక్క పన్ను మీద ఒట్టు, ఇందులో నువ్వుగింజంత అబద్ధం లేదు. దీవిలో కరువొస్తే బాతులూ, ఒక ముంగిసా ఒకే ఓడెక్కి వచ్చి ఈ పెరట్లో దిగాయి. ఏ కష్టమొచ్చినా కాపలా కుక్కతో మొర పెట్టుకుందామంటే బాతులకు ఇక్కడి భాష రాదు. అది చూసుకుని ముంగిస, "పాములున్నాయి, నేను కాస్తాను, గుడ్లివ్వండి" అంది. ఇవ్వని బాతు గూట్లో తనే పాము కుబుసం తెచ్చి పడేసేది.

చివరికి ముంగిస, నీలమ్మ బాతు పొదుగుతున్న ఒకే ఒక్క గుడ్డు కోసం వచ్చింది.

"మన దీవివాణ్ణి కదా పిన్నీ, నేను కాక మిమ్మల్నెవరు చూస్తారు?"

"మనవాడివి కాబట్టేరా సచ్చినోడా, మా భయమేదో నీకు తెలిసింది!"

ఆ అరుపుకు ఏడూళ్ళ పెంకులు లేచిపోయాయి. బాతులన్నీ ఒక్కుమ్మడిగా మీదపడి పొడిస్తే ముంగిస గోడ దూకి పారిపోయింది.

గోడవతల నిన్ననే కొత్త బాతులు దిగాయి. ఇంకా కూర్చున్నావేమే? పరుగెత్తి వాళ్ళకి చెప్పిరా!