రాగి రంగు పాయ

"ఆ తలతో నువ్వు వేదిక ఎక్కవు," అంది లీడరక్క, అద్దంలోంచే కొత్తమ్మాయిని చూస్తూ.

పార్లర్‌లో ఉన్న మిగతా నలుగురు అమ్మాయిలూ అద్దాల వైపు తిరిగారు. ఇంకో రెండు గంటల్లో వ్యాను వస్తుంది. ఊరి బయట మైదానంలో సంగీతోత్సవం. మొదటి పాట వీళ్ళ బృందానిదే. ఆ పాట పల్లవి కొత్తమ్మాయి ఒక్కతే అందుకోవాలి. ఆమె చేరి పది రోజులే అయింది. చేరిన రోజు నుంచీ తలకు నీలం గుడ్డ కట్టుకునే ఉంది. పార్లర్ ఆంటీ జడ అల్లడానికి కుర్చీ చూపించినప్పుడు గాని, గుడ్డ కింద అల్లేంత జుట్టు లేదన్న సంగతి బయటపడలేదు.

పాట సంగతి మాస్టారు చూసుకుంటారు. బట్టలూ జడలూ లీడరక్కకు అప్పగించారు. ఆ మాట ఏ ముహూర్తాన అన్నారో గాని, అప్పటి నుంచీ ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మైదానంలో గాలి, దుమ్ము. అందుకని అందరూ ముందు రోజే తలంటుకు రావాలంది, అప్పుడే కడిగిన జుట్టు అల్లితే జారిపోతుందట. నుదుటి దగ్గర నుంచే బిగించి అల్లాలి. మెరుపు దారాలు కలపాలి. జడ నడుము దాటాలి. దాటని వాళ్ళ జడలకు పేర్లు కూడా పెట్టింది. ఒకరిది కొబ్బరి పీచు, ఒకరిది అరిగిన చీపురు. అందరిలోకీ చిన్నదాన్ని పిచ్చుక అంటారు, దాని జడ ఎలుక తోక. ఆంటీ ఎవరినీ ఏమీ అనకుండా దారాలు పొడుగ్గా వదిలి, ఎలుక తోకను కూడా నడుము దాటించింది.

దారం కట్టడానికైనా కొత్తమ్మాయి తలలో పట్టు దొరకదు.

గుడ్డ కట్టుకునే పాడతానని, చివర నిలబడతానని కొత్తమ్మాయి మెల్లగా బతిమాలింది. పది రోజులుగా పొద్దున్నే లేచి సాధన చేశానని కూడా అంది.

"చివర నిలబడేది నువ్వు, నవ్వులపాలయ్యేది మేము," అంది లీడరక్క. "పల్లవి నేనే అందుకుంటాలే. నువ్వు ఇంటికి పో."

పై స్వరం దగ్గర లీడరక్క గొంతు తుప్పు పట్టిన తలుపులా కీచుమంటుందని అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మాస్టారు ఏకంగా మైదానానికే వస్తారు. ఈలోగా ఎవరు వ్యాను ఎక్కాలో, ఎవరు ఎక్కకూడదో ఈమె చేతిలోనే ఉంది.

తన వంతు రాగానే లీడరక్క తెర వెనక్కి వెళ్ళింది. తన జుట్టుకు గదిలో గాలి తగలకూడదట. అరగంట పట్టింది. లోపల్నుంచి పిన్నులు విప్పిన చప్పుడు, పెట్టిన చప్పుడు, "గట్టిగా, ఇంకా గట్టిగా" అని గుసగుస. తెర తీసుకుని బయటికి వచ్చేసరికి ఆమె వీపు మీద మణికట్టంత లావు జడ మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఆ నల్లటి జడలో రాగి రంగు పాయ ఒకటి మెలికలు తిరుగుతూ మెరుస్తోంది.

పిచ్చుక నోరు ఊరుకోలేదు. "మొన్నటి దాకా భుజాలు దాటలేదు కదక్కా?"

"మీ అందరి కళ్ళూ పడతాయని ముడేసి దాచుకున్నా. సవరమనుకుంటున్నారేమో."

సవరం అన్న మాట అక్కడ ఇంకెవరూ అనలేదు. ఆమే అంది, ఆమే ఉడుక్కుంది. జడ ముందుకు లాగి రాగి పాయను వేలితో చూపించింది. అది వాళ్ళ ముత్తవ్వకు ఉండేదట, నాయనమ్మకు ఉండేదట, ఇప్పుడు తనకు వచ్చిందట.

"కొన్న జుట్టులో ఇలాంటి పాయ దొరుకుతుందా? మా వంశంలో తప్ప భూమ్మీద ఇంకెవరికీ ఉండదిది."

"మరి ఆ పాయ మెడ దగ్గర మొదలైందేంటక్కా? తల మీద లేదే?" అంది పిచ్చుక.

"ఎండకి పైన నల్లబడింది," అంది లీడరక్క, రెప్ప వేయకుండా.

పార్లర్ ఆంటీ సింకు వైపు తిరిగి దువ్వెనలు కడగసాగింది. తెర వెనక చూసింది తెర ముందు చెప్పకూడదన్నది ఆమె నియమం. అయినా ఒకే దువ్వెనను మూడుసార్లు కడిగింది.

కొత్తమ్మాయి మాత్రం ఆ జడ మీంచి చూపు తిప్పలేదు. ఒక అడుగు ముందుకు వేసింది. పట్టుకుని చూడబోయినట్టు చెయ్యి సగం లేపి, మళ్ళీ దించుకుంది.

"చూడు, బాగా చూడు. కుళ్ళుకుంటే మొలవదు," అంది లీడరక్క. "జుట్టంటే ఇదీ. ఇప్పుడు ఆ గుడ్డ విప్పు. ఎందుకు వద్దంటున్నానో వీళ్ళు కూడా కళ్ళారా చూస్తారు."

కొత్తమ్మాయి ఆంటీ వైపు చూసింది. ఆంటీ తల ఎత్తలేదు. నీలం గుడ్డ ముడి బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. చివరికి వచ్చింది.

కోత కోసిన చేనులా వేలెడు పొడవున నిక్కబొడుచుకున్న నల్లటి జుట్టు. అందులో కుడి చెవి పైన, రెండు వేళ్ళ వెడల్పున, అదే రాగి రంగు పాయ.

లీడరక్క చెయ్యి దానంతట అదే జడ కొసను గుప్పిట్లోకి లాక్కుంది. పిచ్చుక ఆ తల వంక చూసింది, ఈ జడ వంక చూసింది, మళ్ళీ ఆ తల వంక చూసింది.

"ఈమె మీ వంశపు పిల్లే కదక్కా, సొంత మనిషిని ఇంటికి పంపేస్తావా?"