వెనక నిలబడే మనిషి

"ఏయ్! ఎవరయ్యా నువ్వు? మా అమ్మాయి వెనక అంత దగ్గరగా నిలబడ్డావేం?"

తల్లి అరుపుకి ఆసుపత్రి టెక్నీషియన్ ఉలిక్కిపడింది.

కూతురు మెత్తటి దిమ్మ మీద కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. నడుముకి బెల్టు. బెల్టుకి అగ్గిపెట్టెంత సెన్సర్.

ఆమె వీపు వెనక, చేతులు రెండూ చాచి, నెరిసిన జుట్టు మనిషి.

"పడితే పట్టుకోవడానికమ్మా," అన్నాడు.

"పట్టుకోవడానికి నేను చచ్చానా? ఇంత వయసొచ్చింది, సిగ్గుండక్కర్లా? బయటికి నడువు!"

"అమ్మా, ఊరుకోవే," అంది కూతురు.

అతను చేతులు దించుకుని వెళ్ళిపోయాడు.

తల్లికి పొద్దుటి నుంచీ ప్రాణం గుప్పెట్లోనే ఉంది. బెల్టు కడుతుంటేనే "కరెంటు కొట్టదుగా?" అని అడిగింది. "గోడగడియారంలో వేసే బ్యాటరీ లాంటిదేనమ్మా," అని టెక్నీషియన్ నవ్వినా నమ్మలేదు.

కూతురికి లోచెవి జబ్బు. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోతోంది. ఒళ్ళు ఎంత ఊగుతుందో సెన్సర్ కొలిస్తే, ఆపరేషన్ కావాలో వద్దో డాక్టరు తేలుస్తాడు. ఆపరేషనైతే ఆ చెవి ఇక వినపడదు. రేపు రెండో చెవీ పోతే? పిల్ల గతేం కాను?

"నేను కంప్యూటర్ తెర చూడాలి. మీరే నిలబడండి. పడబోతేనే పట్టుకోవాలి సుమా," అంది టెక్నీషియన్.

కూతురు కళ్ళు మూసుకుంది. కొంచెం ఊగింది.

"అమ్మో!" తల్లి వాటేసుకుంది.

"లెక్క చెడిందమ్మా. మళ్ళీ."

మళ్ళీ ఊగింది. మళ్ళీ వాటేసుకుంది.

"నన్ను ఊగనివ్వవే అమ్మా! ఇలా అయితే నా చెవి సంగతి ఎప్పటికి తేలుతుంది?" కూతురు కళ్ళు తెరిచింది. "ఆయన చెయ్యి నాకు తగలనే లేదు."

తల్లి వరండాలోకి పరుగెత్తింది. మెట్ల దాకా వెతికింది. ఎక్కడా లేడు.

తిరిగొచ్చేసరికి టెక్నీషియన్ ఫోన్ పెట్టేస్తోంది.

"ఆయన ఇక రారట. 'తల్లులకి నన్ను చూస్తే భయమేస్తోంది, ఇంకెవర్నైనా చూసుకోండి' అన్నారు."

"ఒక్క మాటకే ఉద్యోగం మానేస్తాడా?"

"ఉద్యోగమెక్కడిదమ్మా! జీతం లేదు, పాడు లేదు. బతిమాలుకుని మరీ వచ్చేవారు."

"ఎందుకూ?"

టెక్నీషియన్ కూతురి నడుము నుంచి మెల్లగా బెల్టు విప్పింది.

"ఈ పరీక్ష మొదలుపెట్టిన కొత్తలో వెనక ఎవరూ నిలబడేవారు కాదు. అప్పుడు ఇక్కడ పడి, మళ్ళీ లేవనిది ఆయన కూతురేనమ్మా."