కొమ్ముల మొగుడు

స్టేజీ మీద మొగుడి తలకి కొమ్ములు మొలిచేసరికి హాలంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు ఉదయ్ భాస్కర్.

పక్క సీట్లో అతని భార్య నీహారికకి మాత్రం ఏసీలోనూ చెమటలు పట్టాయి.

అది ఆమె ఆఫీసు వార్షికోత్సవం. మూడొందల యాభై ఏళ్ల కిందటి ఇంగ్లిష్ హాస్యనాటకాల ఫక్కీలో టీమ్ వాళ్లే రాసుకున్న నాటిక. పెళ్లాం ఎవడితోనో నడుపుతున్న వ్యవహారం పసిగట్టలేని వెర్రిబాగుల మొగుడికి కొమ్ములు మొలుస్తాయి. అవి లోకమంతటికీ కనిపిస్తాయి, ఒక్క అతనికి తప్ప. ప్రియుడి వేషం ఆమె టీమ్‌లోని రోహిత్‌ది.

రోహిత్‌కి ఆ వేషం కొత్తేమీ కాదు. నీహారిక ఇంటినుంచి పనిచేసే ప్రతి గురువారం, సాయంత్రం ఐదున్నరకి, ఆరు నెలలుగా ఆమె ఫ్లాటుకి వస్తూనే ఉన్నాడు.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎవరొచ్చినా ఫోన్ యాప్‌లో ఇంటివాళ్లు ఓకే కొడితేనే లోపలికి పంపుతారు. ఆ గొడవ లేకుండా నీహారిక సెక్యూరిటీ లింగయ్యతో ముందే మాట్లాడుకుంది.

"మా ఆఫీసతను. మాటిమాటికీ నాకు రింగు చేయకు."

"మీకు రింగు రాదు మేడం, ఫికర్ చేయకుండ్రి," అన్నాడు లింగయ్య. నిజంగానే రాలేదు.

ఇక ఉదయ్‌తో పేచీయే లేదు. రోహిత్ వెళ్లిన పావుగంటకి గానీ ఇల్లు చేరడు. ఓసారి రోహిత్ ఎనిమిదింటిదాకా ఉండిపోయాడు. ఆ రోజే కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ మరీ ఘోరమట, ఉదయ్ ఎనిమిదింబావుకి వచ్చాడు. "మీ ఆయన బంగారం," అన్నాడు రోహిత్ మర్నాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది.

నాటిక అయిపోయాక ఉదయ్ వెళ్లి రోహిత్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"భలే చేశారండీ. కానీ పాపం, ఆ మొగుణ్ణి మరీ అంత తెలివితక్కువవాణ్ణి చేశారేం?"

కారులో నీహారికకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంత అమాయకుణ్ణా తను మోసం చేస్తున్నది? ఇల్లు చేరేలోపే నిశ్చయించుకుంది. రోహిత్‌తో ఇవాళ్టితో తెగతెంపులు. ఉదయ్‌కి మాత్రం ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే తట్టుకోలేడు.

ఇంటికి రాగానే ఉదయ్ స్నానానికి వెళ్లాడు. టేబుల్ మీద అతని ఫోన్ మోగింది.

"బిర్యానీ తెప్పించా నీహా, గేటు దగ్గరికి వచ్చినట్టుంది. కాస్త ఓకే కొట్టెయ్!" బాత్‌రూమ్‌లోంచి కేకేశాడు.

కొట్టింది. యాప్‌లో కింద పాత అతిథుల జాబితా కనిపించింది. వేలితో పైకి తోసింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

ఆరు నెలల గురువారాలు, సాయంత్రం ఐదున్నర, అతిథి రోహిత్, ప్రతి వరుస చివరా ఒకటే మాట: 'అనుమతి ఇచ్చినవారు ఉదయ్ భాస్కర్'.