నాన్న చొక్కా

నాన్న పోయాక పెద్దావు ఎవరినీ పొదుగు ముట్టనివ్వలేదు. ఆయన చొక్కా తొడుక్కుని కూర్చుంటేనే పాలు చేపుతుంది. వాసన పోతుందని అమ్మ దాన్ని ఉతకనివ్వదు. మూణ్ణెల్లుగా నాదే ఆ వేషం.

ఇవాళ నాలుగింటికి చీకట్లో లేచి చూస్తే కొక్కేనికి చొక్కా లేదు. మా ఆవిడా పిల్లలూ నిద్రలో ఉన్నారు. కొట్టంలో మాత్రం బకెట్లోకి పాలధార పడుతోంది.

వసారాలో మంచం మీద అమ్మ మేలుకునే ఉంది.

"కొట్టంలో ఎవరమ్మా?"

"ఆవు తన్నట్లేదు కదా. నువ్వెళ్లి పడుకోరా."

వెళ్లి పడుకున్నాను. ఇంకో గంట నిద్ర కలిసొచ్చిందనుకున్నాను, అంతే. కాసేపటికి ధార ఆగింది. గడప దగ్గర బకెట్ పెట్టిన చప్పుడైంది. అమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది కాబోలు, మంచం కిర్రుమంది.

ఆ వెంటనే ఇంకోసారి, బరువుగా.